సెస్నా 172: కార్బ్యురేటరా, ఫ్యూయల్ ఇంజెక్షనా?

సెస్నా 172 ఓ చిన్న విమానం. దాని పాత మోడల్ 172ఎన్‌లో 160 హార్స్‌పవర్ కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) ఇంజిన్, 172ఎస్‌లో 180 హార్స్‌పవర్ ఇంజెక్షన్ (సిలిండర్ల దగ్గరే పెట్రోల్ చిమ్మే) ఇంజిన్. అసలు తేడా బలంలో కన్నా మొండికేసే తీరులో ఉంది.

కార్బ్యురేటర్‌కు శత్రువు మంచు. బయట 20 డిగ్రీలున్నా, గాలిలో తేమ ఎక్కువైతే వెంచురీలో (కార్బ్యురేటర్‌లో గాలి దూరే ఇరుకు దారిలో) పేరుకుంటుంది. థ్రాటిల్ కదపకుండానే ఆర్‌పీఎం జారుతుంది. వెంటనే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే మీట) పూర్తిగా లాగాలి. కరిగిన నీరు లోపలికి పోతున్నప్పుడు ఇంజిన్ మరింత గరగరలాడుతుంది. కొత్తవాళ్లు అక్కడే బెదిరి హీట్ ఆపేస్తారు, ఆపకూడదు.

ఇంజెక్షన్‌కు ఆ బెడద లేదు. వేడి మీదున్న ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయడమే తలనొప్పి: కౌలింగ్ (ఇంజిన్ మూత) కింద గొట్టాల్లో పెట్రోల్ ఆవిరై అడ్డుపడుతుంది. పైగా ఎగిరే ముందు 13 చోట్ల ఇంధనం తీసి నీళ్లున్నాయేమో చూడాలి (విసుగే, కానీ తప్పదు).

శిక్షణకైతే కార్బ్యురేటరే మేలు, ఇంజిన్ మాట వినడం అలవాటవుతుంది.