కాలిఫోర్నియాలో గంజాయి కార్డు రెన్యూవల్: కౌంటీ కార్డా, డాక్టరు పత్రమా, రెండూ లేకుండానా?

నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పికి నేను వాడుతున్న గంజాయి తైలం తాలూకు కౌంటీ కార్డు (గంజాయిని మందుగా వాడే రోగికి కౌంటీ ఆఫీసు ఇచ్చే గుర్తింపు కార్డు) గడువు గత నెలతో ముగిసింది. 2018 జనవరి 1 నుంచి 21 ఏళ్లు నిండినవారెవరైనా కాలిఫోర్నియా దుకాణాల్లో నేరుగా కొనుక్కోగలుగుతున్నప్పుడు, ఏటా డబ్బు కట్టి ఈ కార్డును ఎందుకు కొనసాగించాలని ఇక్కడి మనవాళ్లు చాలాకాలంగా అడుగుతూనే ఉన్నారు. ఈసారి ఆ ప్రశ్నను నేనే వేసుకోవలసి వచ్చింది.

చాలామంది చూసేది పన్ను లెక్క. గంజాయిపై ఉన్న ప్రత్యేక పన్ను, 2025 అక్టోబరు నుంచి మళ్లీ 15 శాతానికి దిగివచ్చినది, కార్డు ఉన్నా లేకున్నా పడుతుంది. కౌంటీ కార్డు తప్పించేది సేల్స్ టాక్సును మాత్రమే. అది రాష్ట్రమంతటా కనీసం 7.25 శాతం, స్థానిక పన్నులు కలిసిన ఊళ్లలో పది శాతం దరిదాపుల్లో ఉంటుంది. కార్డు రుసుము 100 డాలర్లకు మించకూడదని చట్టం. తక్కువ ఆదాయం ఉన్నవారికి రాష్ట్రమిచ్చే ఆరోగ్య బీమా మెడికాల్ ఉంటే అందులో సగమే. దీనికి, కార్డుకు కావలసిన సిఫారసు పత్రం కోసం డాక్టరు ఫీజు ఒక యాభై కలుపుకుంటే, పది శాతం పన్నున్న ఊళ్లో ఏడాదికి 1,500 డాలర్ల సరుకు, అంటే నెలకు 125 డాలర్లది, కొంటేనే పెట్టిన ఖర్చు తిరిగి వస్తుంది. పండగకో పబ్బానికో ఒక పొట్లం కొనేవారికి ఈ లెక్క ఎన్నటికీ కుదరదు.

డాక్టరు ఇచ్చే సిఫారసు పత్రం ఒక్కటే చేతిలో ఉంటే సేల్స్ టాక్సు మినహాయింపు రాదు. ఈ సంగతి తెలియక బిల్లు కట్టే చోట వాదనకు దిగేవారిని నేను చూశాను. 18 నుంచి 20 ఏళ్ల మధ్య వయసున్న రోగికి మాత్రం దుకాణంలో కొనడానికి అది అవసరం.

నా దృష్టిలో అసలు తేల్చవలసిన విషయం డబ్బు కాదు, ఈ దేశంలో మీ హోదా ఏమిటన్నది. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం గంజాయిని నియంత్రిత పదార్థాల జాబితాలోనే ఉంచింది. ఆ జాబితాలో కింది తరగతికి మార్చినంత మాత్రాన అది జాబితా దాటిపోదు. వలస చట్టం చూసేది ఆ జాబితానే. రాష్ట్ర చట్టానికి లోబడి వాడినా సరే, పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన నిరూపణకు అది అడ్డం కావచ్చని అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టంగా చెప్పింది. హెచ్-1బీ స్టాంపింగ్ కోసం నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు వెళ్లే ముందు నింపే వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో, నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అనే ప్రశ్న ఉంటుంది. కోర్టులో శిక్ష పడనక్కరలేదు. అధికారి ముందు వాడకాన్ని ఒప్పుకున్నా ప్రవేశానికి అనర్హులు కావచ్చు, అబద్ధం చెప్తే అంతకంటే పెద్ద చిక్కు. కార్డు మీద పేరు ఉండదు, ఫొటోతో పాటు ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది కనుక భయం లేదని కొందరంటారు. ఆ మాట నిజమే కానీ, విమానాశ్రయంలో మీ పర్సులోనో ఫోన్‌లోనో కనిపించే కార్డుకు పేరుతో పనేముంది? అందువల్ల వీసా మీద గాని గ్రీన్ కార్డు మీద గాని ఉన్నవారికి ఈ మూడింటిలో ఏదీ మేలు కాదన్నదే నా అభిప్రాయం. కార్డు లేకుండా కొనడంలోనూ ఆ ఉల్లంఘన మిగిలే ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన, గంజాయిలో ఉండే రసాయనాలతో తయారైన డ్రొనాబినాల్, ఎపిడియోలెక్స్ వంటి మందులను మామూలు ప్రిస్క్రిప్షన్‌తో ఫార్మసీలో తీసుకోవచ్చు గాని, అవి కీమోథెరపీ వాంతులకు, కొన్ని రకాల మూర్ఛలకు ఉద్దేశించినవి. నావంటి నొప్పికి కావు. వలస లాయరును ఒకసారి కలిసిన తర్వాతే ఏదైనా ఆలోచించడం మంచిది.

నాకు పౌరసత్వం వచ్చి కొన్నేళ్లయింది, తైలం ప్రతి నెలా కావాలి, కాబట్టి నేను కౌంటీ కార్డునే రెన్యూ చేయించాను. కొత్త సిఫారసు పత్రం, నివాస రుజువు పట్టుకొని కౌంటీ ఆఫీసుకు స్వయంగా వెళ్లి, మొదటిసారి చేసినట్టే దరఖాస్తు మళ్లీ పెట్టాలి. ఏడాది తిరిగేసరికి ఇదంతా మళ్లీ మొదటికే వస్తుందన్న విసుగు ఒకటి ఉంది. పన్ను కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది మరొకటి: సాధారణ కొనుగోలుదారుకు అమ్మే తైలం సీసాలో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే ప్రధాన రసాయనం) 1,000 మిల్లీగ్రాములకు మించదు, రోగులకు అమ్మేదానిలో 2,000 వరకు ఉండవచ్చు. దుకాణానికి వెళ్లే తిరుగుడు సగానికి సగం తగ్గింది.

హైదరాబాదు ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు మాత్రం కార్డును, సీసాను రెండింటినీ ఇంట్లో సొరుగులోనే వదిలి వెళ్తాను. శంషాబాద్‌లో దిగాక మత్తు పదార్థాలపై 1985 నాటి భారత ఎన్‌డీపీఎస్ చట్టం ముందు కాలిఫోర్నియా కార్డు చెల్లదు.