కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం, ఆర్కే బీచ్, వైజాగ్: గైడుని కదిపితేనే అసలు మజా

వైజాగ్ వచ్చినోళ్ళు ఎలాగూ బీచ్ రోడ్డుకి వస్తారు, ఎలాగూ సబ్‌మెరైన్ ముందు ఫొటో దిగుతారు, చాలామంది అక్కడితో సరిపెట్టేసుకుని మురీ మిక్చర్ బండి దగ్గరికి పోతారు. లోపలికెళ్ళండి బాబూ. అది బొమ్మ కాదు, 1969 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్‌లో మన నేవీలో చేరి 2001 ఫిబ్రవరి దాకా డ్యూటీ చేసిన నిజం సబ్‌మెరైన్. 91 మీటర్ల పొడవున్నదాన్ని ఒడ్డుకి లాగి నిలబెట్టడానికి సుమారు ఐదున్నర కోట్లయిందట, 2002 ఆగస్టులో ఓపెన్ చేశారు.

లోపల మొత్తం ఏడు కంపార్ట్‌మెంట్లు. ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి గుండ్రటి కంతలోంచి ఒళ్ళు వంచి కాలు ఎత్తి దూరాలి, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళకి కష్టమే, చీర కట్టుకున్నోళ్ళు కూడా కాస్త చూసుకోండి. ముందువైపు ఆరు, వెనక నాలుగు టార్పెడో (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే ఆయుధం) గొట్టాలు. టార్పెడోల పక్కనే పడుకునే బెర్తులు, చుట్టూ పైపులు, మీటర్లు, వాల్వులు, ఇంత సందులో డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఎలా ఉన్నారో అనిపిస్తుంది, మనకి స్లీపర్ బోగీలో ఒక్క రాత్రికే చిరాకొచ్చేస్తది కదా.

గైడ్లుగా ఉండేది రిటైరైన నేవీ వాళ్ళు. జనం ఎక్కువుంటే గబగబా చెప్పేసి ముందుకి పంపించేస్తారు, వాళ్ళ తప్పేం లేదు, వెనక క్యూ ఉంటది. అందుకే ఆదివారం సాయంత్రం వద్దు, మామూలు రోజు తెరిచిన వెంటనే వెళ్ళి ప్రశ్నలడగండి. నీళ్ళు ఎలా వాడుకునేవారు సార్, డీజిల్ ఇంజన్‌కి గాలెక్కడిది సార్ అని ఒక్కటడిగితే చాలు, ఇక ఆయనే ఆగడు.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. "ఇదే కదా ఘాజీని ముంచింది" అని పిల్లలకి చెప్పేసే నాన్నలు ఎక్కువైపోయారు. కాదండీ. 1971 పాకిస్తాన్ యుద్ధంలో కుర్సురా ఉన్నది అరేబియా సముద్రం వైపు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విమానాలు మోసే యుద్ధనౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వైజాగ్ దాకా వచ్చింది, విక్రాంత్ ఏమో అండమాన్ వైపు భద్రంగా ఉంది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది, అందులో ఉన్న తొంభై మందికి పైగా ఎవరూ బతకలేదు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే (నీళ్ళ లోపల పేలే బాంబులు) కారణమని మన నేవీ అంటది, లోపల జరిగిన పేలుడో వాళ్ళు పెట్టుకున్న మైన్లో అని పాకిస్తాన్ వాళ్ళంటారు, ఆ గొడవ ఇప్పటికీ తేలలేదు. శిథిలం ఇంకా ఆ నీళ్ళ అడుగునే ఉంది. మన ఊరి ముంగిట్లో ఇంత జరిగితే మన పిల్లలకి సినిమా వచ్చేదాకా తెలీకపోవడం నాకైతే బాలేదు. అదే రోడ్డులో ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం ఆ 1971 యుద్ధానిదే, జనం దాన్ని బస్టాపులా దాటి పోతుంటారు.

ఎదురుగానే టీయూ-142 విమానం కూడా ఉంది, సముద్రం మీద తిరిగి సబ్‌మెరైన్లని వెతికే రకం, 2017లో రిటైరైంది, అదే ఏడాది డిసెంబర్‌లో మ్యూజియం అయింది. సబ్‌మెరైన్ చూశాక చూస్తేనే దాని పని అర్థమవుద్ది, ముందు చూస్తే ఉత్త పేద్ద విమానం అంతే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటి చెట్లన్నీ కూల్చేసి ఎయిర్‌పోర్ట్ పైకప్పు ఎగరగొట్టేసిన సంగతి తెలిసిందే, ఆ గాలికి కూడా ఈ ఇనప చేప ఇక్కడే ఉంది చూడండి.

నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర, ఆ అర తగ్గించింది ఇరుకుకి. సోమవారం సెలవు ఉంటది, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, బయల్దేరే ముందు ఒకసారి టైమింగులు కనుక్కోండి.