తొమ్మిది కిలోల కూజాతో విశాఖలో రెండు రాత్రులు

మా నాన్నగారి పాలరాతి కూజా అంచు విరిగి నాలుగేళ్లయింది. రాజమండ్రిలో ఎవరికి చూపించినా అరాల్డైట్ పెట్టి అతికించేస్తామన్నారు. సింహాచలం వెళ్లే దారిలో పాలరాతి పని తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నారని విశాఖలో ఉండే మా పిన్ని చెప్పింది. కూజాను పాత దుప్పట్లో చుట్టి, బకెట్లో పెట్టుకుని రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అడుగున్నర ఎత్తు, మూతతో కలిపి తొమ్మిది కిలోలు. పొట్ట చుట్టూ ద్రాక్షతీగ చెక్కడం, అటూ ఇటూ ఏనుగు తలల పిడులు. నూరేళ్లు దాటిన వస్తువని, రాజస్థాన్‌లోని మక్రానా గనుల రాయని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నాన్నగారు చెప్పేవారు.

మొదటి రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జి, తొమ్మిది వందలు. గది శుభ్రంగానే ఉంది కానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కుర్రాడు బకెట్ ఊపుకుంటూ మెట్లెక్కుతుంటే నా ప్రాణం పోయింది. మర్నాడు పొద్దున్నే బీచ్ రోడ్డు వెనక వీధిలో, లిఫ్ట్ ఉన్న గెస్ట్‌హౌస్‌కి మారిపోయాను. రెట్టింపు అద్దె, నలిగిన తువ్వాళ్లు. 'సీ వ్యూ' అంటే రెండు వాటర్ ట్యాంకుల మధ్య జానెడు నీలం. తీరా ఆ రాత్రి కూజా మేస్త్రి షెడ్డులోనే ఉండిపోయింది, లిఫ్ట్ నాకు తప్ప దానికి పెద్దగా పనికిరాలేదు.

మేస్త్రి మధ్యాహ్నం గానీ రారన్నారు. ఈలోగా పాత సామాన్లమ్మే ఒక కొట్టుకి వెళ్లడం నా తెలివితక్కువతనం. అమ్మనని చెప్పాక, "పోనీ క్లీన్ చేసిస్తానండి, అయిదొందలు" అని అడుగుభాగాన ఏదో యాసిడ్ పూశాడు. బుసబుసా నురగ! మురికి పోతోందన్నాడు. పోయింది మురికి కాదు, అరచేతి మేర మెరుపు.

ఆ టెన్షన్‌లోనే కూజా గదిలో పెట్టి విశాఖ మ్యూజియం చూశాను. 1991లో తెరిచారు, పాత డచ్ బంగళా. 1942లో జపాన్ విమానాలు వేస్తే పేలకుండా మిగిలిన బాంబు తప్ప ఇంకేదీ మనసుకెక్కలేదు.

మేస్త్రిది రేకుల షెడ్డు. బయట తులసికోటలు, సగం తేలిన వినాయకులు, నేలంతా బియ్యప్పిండిలా తెల్లటి పొడి. కూర్చోడానికి కుర్చీ లేదు, గ్రైండర్ మోతకి మాట వినపడదు. కూజా తిరగేసి చూడగానే, "ఏటమ్మా, దీనికి యాసిడ్ ఎవలు పోసేరు?" అన్నారు. పాలరాయి అంటే సున్నపురాయి తోబుట్టువేనట, పులుపు తగిలితే తినేస్తుందట.

తలుపు దగ్గరికి లాగి, ఫోన్ టార్చ్ కూజాలోకి దింపారు. పొట్టంతా మీగడ రంగులో వెలిగింది, తీగ ఆకులు నీడల్లా తేలాయి. నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఉన్నదాన్ని నేనెప్పుడూ అలా చూడలేదు. నా చెయ్యి లోపల పెట్టించారు. ఒకచోట పల్చన, ఒకచోట మందం, ఏటవాలుగా ఉలి గాట్లు. ముందు లోపలికి వరసగా బెజ్జాలు వేసి, మధ్య మిగిలిన గోడల్ని కొట్టి, ఆ తర్వాత ఉలితో గీకుతూ పొట్ట తొలుస్తారట. బయటి చెక్కడం కన్నా ఇదే కష్టమట. ఒక్క దెబ్బ ఎక్కువైతే అంతా పోతుంది.

మూత కింద టార్చ్ పెడితే చీకటి. నిమ్మరసం చుక్క వేస్తే నురగ రాలేదు. గోటితో గీస్తే గీత పడింది. బలపం రాయి! లోపల లేత్ తిప్పిన గుండ్రటి గీతలు. అసలు మూత ఎప్పుడో పగిలితే ఎవరో ఇది చేయించి ఉంటారన్నారు. నాన్నగారికి తెలుసో లేదో.

విరిగిన ముక్కని బ్రష్‌తో కడిగి, రెజిన్‌లో పాలరాతి పొడి కలిపి అతికి, సైకిల్ ట్యూబ్ ముక్కతో బిగించారు. గీత కనబడకుండా అరగదీయొచ్చు గానీ ఆకు అంచులు పోతాయంటే వద్దన్నాను. యాసిడ్ మచ్చని వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, చేత్తోనే రుద్దితే సగం మెరుపు తిరిగొచ్చింది. పన్నెండు వందలు. బిల్లు లేదు, పొద్దున పదింటికన్నది మధ్యాహ్నం మూడింటికిచ్చారు. అయినా నాకేమీ ఫిర్యాదు లేదు. ఆ రెండు రోజుల్లో డబ్బుకి తగ్గట్టు దొరికినవి ఆ పని, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్.

వయసు మాత్రం ఆయన చెప్పలేదు. "చేత్తో తీసిన పనమ్మా, అంతవరకే నాకు తెలుసు" అన్నారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య కూజా తనకి కావాలంటున్నాడు. నాన్నగారు చెప్పినట్టు నూరేళ్లు దాటినదే అయితే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మనలాంటివాళ్లు దాన్ని దేశం దాటించకూడదు. కాదంటే, కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

రైల్లో మూతని విడిగా తువ్వాల్లో చుట్టి పెట్టుకున్నాను. అన్నయ్య కావాలంటే అది తీసుకెళ్లొచ్చు.