కప్పు కొట్టినోడే గొప్ప మేనేజరా? ‘బాస్కెట్‌బాల్ జీఎం’ ఆట మీద రివ్యూ

ఈ ఆటలో బంతి మీ చేతికి రాదు. మీరు జట్టును నడిపే జీఎం, అంటే జనరల్ మేనేజర్. ఆటగాళ్లను తెచ్చుకునుడు, పంపించుడు, జీతాలు మాట్లాడుడు, డ్రాఫ్ట్‌లో (ఏటా కొత్తోళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పంపకంలో) కుర్రోళ్లను ఏరుకునుడు, టికెట్ ధర పెట్టుడు, ఇవే మీ పనులు. మ్యాచ్‌లు కంప్యూటరే ఆడించి స్కోరు చేతిలో పెడ్తది. పైసా కట్టే పని లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తది. ఒకసారి తెరుచుకున్నాక నెట్ పోయినా ఆట ఆగది. దేవరకొండ అవతల సిగ్నల్ కోసం మేడెక్కేటోళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఒక్కరే ఆడుకునేదానికైతే ఇంత రాయనక్కర లేదు, బాగుంటది, ఆడుకోండి. నల్లగొండలోనో పాలమూరులోనో హాస్టల్ గదిలో ఎనిమిది మంది కలిసి ఒకే లీగ్ నడిపినప్పుడే అసలు లొల్లి. సీజన్ అయిపోంగనే ఒకటే పంచాయితీ: ఈసారి ఉత్తమ జీఎం ఎవరు? కప్పు కొట్టినోడు ‘నేనే’ అంటడు. మిగతా ఏడుగురు ‘నీకు మొదటి రోజే గట్టి జట్టు దొరికింది’ అంటరు. ఆట ఈ తీర్పు చెప్పదు. తీర్పుకు కావాల్సిన లెక్కలన్నీ మాత్రం లోపలే పెట్టింది. మాకు ఈ ఆట నచ్చింది అందుకే.

అసలు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనూ ఇది కప్పుతో తేలే ముచ్చట కాదు. అక్కడ ‘ఎగ్జిక్యూటివ్ ఆఫ్ ది ఇయర్’ ఎవరో తోటి జట్ల అధికారులే ఓటేసి చెప్తరు. 2004లో అది మెంఫిస్ గ్రిజ్లీస్‌ను నడిపిన జెర్రీ వెస్ట్‌కు వచ్చింది. ముందు సీజన్‌లో 28 మ్యాచ్‌లే గెలిచిన జట్టు ఆ ఏడు 50 గెలిచి మొదటిసారి ప్లేఆఫ్స్‌కు, అంటే కప్పు తేల్చే చివరి పోటీలకు, చేరింది. అక్కడ మొదటి రౌండ్‌లోనే నాలుగుకు నాలుగు ఓడింది. అయినా పేరు ఆయనకే. యాడికెళ్లి యాడిదాకా తెచ్చిండు అన్నదే కొలత. మీ లీగ్‌కూ అదే పెట్టుకోండి.

ముందు ఏర్పాటు సంగతి. ఇది ఒక్కరు ఆడేందుకు కట్టిన ఆట, ఆన్‌లైన్‌లో పదిమంది ఒకేసారి లాగిన్ అయ్యే సౌకర్యం లేదు. గాడ్ మోడ్‌లో (ఆటలో ఏదైనా మనమే మార్చుకునే ఏర్పాటులో) ఉండే మల్టీ టీమ్ మోడ్‌తో ఒక కమిషనర్ అందరి జట్లూ తన మెషీన్‌లో పెట్టుకుంటడు. మీ మార్పులు వాట్సాప్‌లో పంపితే ఆయన ఎక్కిస్తడు. ఆ కమిషనర్‌కు సొంత జట్టు ఉండొద్దు, ఇది మాత్రం పట్టుబట్టండి. ఫైల్ ఆయన దగ్గరే ఉంటది కాబట్టి, నచ్చని ఫలితం వస్తే పాత ఫైల్ తెరిచి మళ్లీ ఆడించుకోవచ్చు, ఎవరికీ తెల్వదు. ప్రతి విడత ఆడించే ముందు ఫైల్ గ్రూపులో పడాలె, ఆడించేటప్పుడు స్క్రీన్ రికార్డ్ కావాలె. కష్టం స్థాయి ‘హార్డ్’ కన్నా తగ్గిస్తే కంప్యూటర్ జట్లు ట్రేడ్‌లలో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, మరీ మెత్తగా ఉంటయి, పోటీ ఎవరు గట్టిగా బేరమాడిండ్రు అన్నదానికి కాక ఎవరు ఎక్కువసార్లు అడిగిండ్రు అన్నదానికి మారిపోతది.

మొదటి రోజే పవర్ ర్యాంకింగ్స్ పేజీ ఫోటో తీసి దాచండి. జట్టు రేటింగ్ 50 అంటే సగటు. పదిమంది ఆటగాళ్ల బలం మీద అది కట్టుకుంటది. పైనున్నోని బరువు ఎక్కువ, కిందికి పోయినకొద్దీ తక్కువ. అందుకే నలుగురు మోస్తరోళ్లకన్నా రేటింగ్ 70 దాటినోడు ఒక్కడు మేలు. సీజన్ చివర గెలుపుల సంఖ్యకన్నా ‘ఎంఓవీ’ చూడండి, అంటే సగటున ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తున్నరు అన్నది. ఎందుకంటే సీజన్‌కు 82 మ్యాచ్‌లు, 82 సార్లు నాణెం ఎగరేస్తే బొమ్మ 32 నుంచి 50 దాకా ఎన్నైనా పడొచ్చు. అసలు బలంతో 41 గెలవాల్సిన జట్టు 47 గెలిస్తే, ఆ ఆరు మేనేజర్ తెలివి అని ఎట్ల అంటం?

ట్రేడ్‌ల లెక్క మాత్రం జర ఓపికగా చూడాలె. ఒకటి దగ్గర్నుంచి చూద్దాం. మీ దగ్గర 31 ఏండ్ల ఆటగాడు ఉన్నడు, రేటింగ్ 68, ఏడాదికి 3 కోట్ల డాలర్ల జీతం, ఇంకా మూడేండ్ల ఒప్పందం. అతన్ని ఇచ్చి 22 ఏండ్ల కుర్రోన్ని తెచ్చుకుంటరు: ఇప్పుడు 52, పొటెన్షియల్ (ఎదిగితే చేరగల రేటింగ్) 68, జీతం 60 లక్షల డాలర్లు, పైన ఒక మొదటి రౌండ్ పిక్, అంటే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు. ఈ ఏడు మీరు ఓడినట్టే కనపడతది. గ్రూపులో నవ్వుతరు. కానీ రేటింగ్‌లు మారేది ప్లేఆఫ్స్ అయిపోంగనే. 30 దాటినోళ్లు సాధారణంగా జారుతరు, ఒప్పందం మాత్రం జారదు. ఆటగాన్ని వదిలేసినా అతని జీతం మీ ఖాతాలోనే కూసుంటది. ఇక ఆ కుర్రోడు బత్తాయి మొక్క అసొంటోడు, నాటిన ఏడే కాపు అడిగితే రాదు. పొటెన్షియల్ అన్నది అంచనా, హామీ కాదు. 68 దాకా ఎదగకుండ 57 దగ్గరే ఆగిపోయేటోళ్లు మస్తు. అందుకే ట్రేడ్‌కు మార్కులు అదే సీజన్‌లో వేయొద్దు. ట్రేడ్ సమ్మరీ పేజీలో అటుపోయినోడు, ఇటొచ్చినోడు, ఆ పిక్‌తో దొరికినోడు తర్వాత ఏం చేసిండ్రో అన్నీ పక్కపక్కనే ఉంటయి. మూడు సీజన్లు పోయినాక దాన్ని తెరిచి చూసి మార్కులు వేయండి. నవ్వినోళ్లను అప్పుడు అడగండి.

మూడేండ్ల గడువుకు ఇంకో కారణం ఉన్నది. ఓడే జట్లకే డ్రాఫ్ట్‌లో ముందు వంతు దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి, కొందరు మొదటి ఏడు కావాలని అట్టడుగుకు పోయి, పైవరుస పిక్ కొట్టి, రెండో ఏడు ముప్పై గెలుపులు పెరిగినయని చూపిస్తరు. ఒక్క ఏడాది తేడానే కొలిస్తే ఆ తెలివికే బహుమతి ఇచ్చినట్టయితది.

డబ్బు దగ్గర కొత్తోళ్లు ఆగం అయ్యేది రెండు చోట్ల. జీతాల పరిమితి దాటినాక ట్రేడ్‌లో ఇచ్చిన జీతంకన్నా తక్కువే తెచ్చుకోవాలె. బయటి ఆటగాన్ని తీసుకుంటే కనీస ఒప్పందం మీదనే. ఇంకా మీదికి పోయి లగ్జరీ టాక్స్ గీత దాటితే, దాటిన ప్రతి డాలరుకు ఒకటిన్నర డాలర్లు కట్టాలె. ఆ పైసలు పరిమితి లోపల ఉన్న జట్లకు సమంగా పంచుతరు, అంటే మీ చేతులతోనే పక్కోని గల్లా నింపుతున్నరన్నమాట. రెండోది ఫెసిలిటీస్ ఖర్చు, అంటే జట్టు వసతుల మీద పెట్టేది. దాని ఫలితం నెమ్మదిగా వస్తది, కోత కోసినా నెమ్మదిగానే తెలుస్తది. పదవి దిగే ముందు దాన్ని కోసి ‘లాభం చూపించిన’ అనేటోని లెక్కను మార్కులు వేసేటోడు విడిగా చూడాలె.

అదృష్టాన్ని జల్లెడ పట్టే పని ఈ ఆటలో ఉన్నంత సులువుగా ఇంకెక్కడా ఉండది. ప్లేఆఫ్స్ మొదలయ్యే రోజు టూల్స్‌లోకి పోయి ఎక్స్‌పోర్ట్ లీగ్ నొక్కి ఫైల్ తీసుకోండి. అసలు ఫలితం రాసుకున్నాక, అదే ఫైల్‌ను ‘న్యూ లీగ్’లో కస్టమ్ కింద ఎక్కించి ప్లేఆఫ్స్ చివరిదాకా మళ్లీ ఆడించండి. ప్రతిసారీ ఫలితం కొత్తగా వస్తది. 50 సార్లు ఆడించి ఏ జట్టు ఎన్నిసార్లు కప్పు కొట్టిందో లెక్కరాయండి. 20 సార్లతో సరిపెట్టుకుంటే ఆరు కప్పులు వచ్చిన జట్టుకు, తొమ్మిది వచ్చిన జట్టుకు తేడా ఉన్నదని చెప్పలేం. నిజంగా కప్పు కొట్టిన జట్టు 50లో నాలుగుసార్లే గెలిస్తే, దండ వేసేది మేనేజర్‌కు కాదు, పాచికలకు. ఈ పనికి ఒక పూట పడ్తది, ల్యాప్‌టాప్ ఉంటే మంచిది. ఫోన్‌లోనూ అయితది గని వేడెక్కుతది.

మార్కులు మేము వేసే తీరు: మొదటి రోజు రేటింగ్‌తో పోల్చి ఎంఓవీ ఎంత పెరిగింది అన్నదానికి 40, మూడేండ్ల ట్రేడ్‌లకు 30, డ్రాఫ్ట్‌కు 20, జీతాల చిట్టాకు 10. డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో స్టార్‌ను పట్టినోనికన్నా 40వ పిక్ దాటినాక పనికొచ్చేటోన్ని పట్టినోనికి ఎక్కువ వేస్తం, ఎందుకంటే డ్రాఫ్ట్‌లో కనపడే రేటింగ్‌లు కొంచెం మసకగానే ఉంటయి. కప్పుకు విడిగా మార్కుల్లేవు. సమానం వస్తే జీఎంలందరూ ఓటు వేయాలె, సొంత జట్టుకు వేసుకోవద్దు.

లోపాలు చెప్పకుండ వదిలేస్తే రివ్యూ కాదు. 30 దాటిన మంచి ఆటగాళ్లను కంప్యూటర్ జట్లు మరీ చవకకు వదులుతయి. అది తెలిసినోడు ఒక్క సీజన్ కోసం ముసలి జట్టు కట్టి కప్పు ఎత్తుకుపోతడు. ఒక్కో జీఎంకు సీజన్‌కు అసొంటివి రెండుకు మించొద్దని నియమం పెట్టుకోండి. గాయాలు మీ చేతిలో ఉండయి. మెనూలన్నీ ఇంగ్లీషే, అంకెలు కుప్పలు, మొదటి వారం తల తిరుగుతది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉన్నది. లీగ్ మొత్తం ఆ బ్రౌజర్‌లోనే దాచుకుంటది. ఫోన్‌లో జాగ లేదని డేటా క్లియర్ చేసిండ్రా, పదిహేను సీజన్లు ఒక్క నొక్కుతో పోతయి. వేరే బ్రౌజర్‌లో తెరిచినా కనపడది. సీజన్‌కు కనీసం మూడుసార్లు, అంటే మొదటి రోజు, ట్రేడ్ గడువు ముగిసిన రోజు, ప్లేఆఫ్స్ ముందు, ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి పేరులో సీజన్ నంబరు రాసి గ్రూపులో పడేయండి. నంబరు రాయకపోతే ఏది అసలు ఫైలో, ఏది కమిషనర్ మళ్లీ ఆడించిందో అని ఇంకో పంచాయితీ.