మైనం డబ్బా, లానోలిన్ స్ప్రే: ఏళ్ల తరబడి కేస్ ల్యూబ్ వాడాక

పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలను (కేసులు) మళ్లీ వాడేందుకు డై అనే స్టీల్ అచ్చులోకి నెట్టి కొలతకు తెస్తాం, అప్పుడు ఇరుక్కోకుండా వాటికి రాసే జిడ్డే కేస్ ల్యూబ్. ఏది మంచిదో ముందే తేల్చి చెప్పేస్తా. తీరిగ్గా ఒక్కొక్కటి చేసుకునే రైఫిల్ కేసులకు ఇంపీరియల్ సైజింగ్ డై వ్యాక్స్, గంపగుత్తగా చేసే .223 రకం తూటా కేసుల లాంటి వాటికి ఇంట్లో కలుపుకున్న లానోలిన్ స్ప్రే. ఈ రెండూ ఉంటే నాకు మూడోది అక్కర్లేదు. డబ్బాలో వచ్చే డ్రై స్ప్రేలు, ప్యాడ్ మీద పోసి కేసులను దొర్లించే జిడ్డు ద్రవాలు, ట్యూబులో వచ్చే తెల్ల పేస్టు, అన్నీ వాడి చూశాను, కొన్ని బాగానే పనిచేస్తాయి కూడా, కానీ గ్యారేజీ షెల్ఫ్ మీద చివరికి మిగిలింది ఈ రెండే.

నేనుండేది డాలస్ దగ్గర. టెక్సస్‌లో వాడిన కేసులు ఏరుకొచ్చి ఇంట్లో మళ్లీ తూటాలు చేసుకోవడం చాలామందికి వారాంతపు కాలక్షేపం, షూటింగ్ రేంజిలో మన తెలుగువాళ్లు కూడా ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. (ఇండియాలో కథ వేరు, అక్కడ తూటాలు తయారు చేయాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి, కాబట్టి అక్కడున్న చుట్టాలెవరైనా ఇది చదివి ఉత్సాహపడొద్దు.) కొత్తగా ప్రెస్ (కేసును డైలోకి నెట్టే లివర్ యంత్రం) కొన్నవాళ్లు తుపాకీ మందు గురించి, బుల్లెట్ గురించి వంద ప్రశ్నలు అడుగుతారు గానీ ల్యూబ్ దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక నూనె రాస్తే పోలా అంటారు. అక్కడే వస్తుంది తంటా.

పేలినప్పుడు కేసు ఉబ్బి చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే చోటు) గోడలను తాకుతుంది. తర్వాత కాస్త తగ్గినా మొదటి కొలతకు రాదు. దాన్ని ప్రెస్‌తో స్టీల్ డైలోకి నెట్టి మళ్లీ కొలతకు తెచ్చేదే సైజింగ్. కేసు ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటుంది, స్టీలుతో పోలిస్తే మెత్తన. మధ్యలో ఏ పొరా లేకుండా ఇరికిస్తే ఇత్తడి ఒరుసుకుపోయి డై లోపలి గోడకు సన్నగా అంటుకుంటుంది, ఇక ఆ తర్వాత వచ్చే ప్రతి కేసు మీదా నిలువునా గీతలే, డై విప్పి పాలిష్ చేసేదాకా అంతే. ఇంకా గట్టిగా పట్టేస్తే కేసు ఇరుక్కుంటుంది. బలం పెట్టి లివర్ లాగితే షెల్ హోల్డర్ (కేసు అడుగును పట్టుకునే ముక్క) కేసు అంచును చీల్చుకుని ఖాళీగా కిందికి దిగుతుంది, కేసు మాత్రం డైలోనే ఉండిపోతుంది. అప్పుడు డీక్యాపింగ్ రాడ్‌ను (కేసు అడుగున పేలిపోయిన క్యాప్‌ను తోసేసే కడ్డీ) వీలైనంత పైకి లేపి, కేసు అడుగున డ్రిల్ చేసి, పావు అంగుళం స్క్రూకి మరలు కోసి, ఆ స్క్రూతో బయటికి లాగాలి. దానికి ప్రత్యేకంగా కిట్ అమ్ముతారు. ఆ కిట్ అమ్ముడుపోతోందంటేనే అర్థం చేసుకోండి ఎంతమందికి ఇది జరుగుతోందో.

ఫ్రిస్కోలో ఉండే ఒక తమ్ముడు ఆమధ్య ఫోన్ చేసి, "అన్నా, ఇంట్లో పారాషూట్ కొబ్బరినూనె ఉంది కదా, అది రాస్తే సరిపోదా?" అన్నాడు. నవ్వాను గానీ ప్రశ్న తప్పేం కాదు. వేలికి జారుడుగా ఉండటం వేరు, డైలో నలుగుతున్నప్పుడు కూడా రెండు లోహాల మధ్య పొర తెగకుండా నిలబడటం వేరు. వంటనూనెలు, తలుపు బందులకు కొట్టే స్ప్రేలు మొదటి పనిలో ఘనం, రెండో పనిలో నమ్మలేం. లానోలిన్‌కీ సైజింగ్ కోసమే చేసిన మైనానికీ ఉన్న గొప్పంతా ఆ రెండో పనిలోనే.

మైనం సంగతి. చిన్న గుండ్రటి రేకు డబ్బా, ఒక ఔన్సుదీ రెండు ఔన్సులదీ దొరుకుతాయి. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది గానీ ఏళ్లు వస్తుంది, ఎందుకంటే వాడేది అంత తక్కువ. చూపుడువేలు మైనం మీద ఒకసారి అలా తాకించి, బొటనవేలికి రాసి, రెంటి మధ్యా కేసును తిప్పుతూ అడుగు నుంచి పైకి రావాలి. కంటికి ఏమీ కనపడదు, వేలికి మాత్రం కేసు కాస్త పట్టులేనట్టు తెలుస్తుంది, అంతే చాలు. కేసు అడుగు దగ్గర, వెబ్‌కి (అడుగున ఉండే మందపాటి భాగం) కాస్త పైన, శ్రద్ధగా తగలాలి, డైలో గట్టిగా పట్టేది అక్కడే. భుజం మీద, అంటే కేసు మెడలోకి సన్నబడే వాలు మీద, మాత్రం రాయకూడదు. ఎక్కువైన ల్యూబ్‌కి డైలో పోయే దారి ఉండదు, భుజం దగ్గర చేరి ఇత్తడిని లోపలికి నొక్కేస్తుంది, వేలితో నొక్కిన పూరీ పిండి మీద పడ్డట్టు సొట్ట పడుతుంది. చిన్న సొట్టలు మళ్లీ పేల్చినప్పుడు సర్దుకుంటాయి, మడతపడ్డట్టు లోతుగా ఉంటే చెత్తబుట్టే గతి. చాలా డైలకు గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది, అది మైనంతో పూడుకుపోయినా ఇదే సమస్య, అప్పుడప్పుడూ సన్న తీగతో తీసి డైని ఆల్కహాల్‌తో తుడవండి.

.308కి నేను మైనమే వాడతాను. భుజాన్ని రెండు వేలవ వంతు అంగుళం మాత్రమే వెనక్కి నెట్టేలా డై పెట్టుకుంటాను, కంపారేటర్‌తో (అడుగు నుంచి భుజం దాకా పొడవు కొలిచే సాధనం) కొలిచి చూసుకుంటాను. కొత్తవాళ్లు పట్టించుకోని విషయం ఒకటుంది: ల్యూబ్ ఒక కేసుకు ఎక్కువ, ఒకదానికి తక్కువ పడితే ఆ కొలత కూడా ఎగుడుదిగుడుగా వస్తుంది. డై కదల్లేదు, ప్రెస్ అదే, మరి ఎందుకిలా అని తల పట్టుకుని మళ్లీ మళ్లీ డై తిప్పుతుంటారు. డై జోలికి పోకుండా ముందు ల్యూబ్ అన్నిటికీ ఒకేలా పట్టించి చూడండి, చాలాసార్లు అంకెలు వాటంతటవే దారికొస్తాయి. .223 కేసును .300 బ్లాకౌట్ అనే మరో రకం కేసుగా మార్చేటప్పుడు ఇత్తడి మరీ ఎక్కువగా నలుగుతుంది, అక్కడ కూడా నా ఓటు మైనానికే.

మైనంతో ఇబ్బంది ఒక్కటే, నిదానం. బకెట్ నిండా .223 కేసులు పెట్టుకుని ఒక్కోదాన్ని వేళ్లతో తిప్పుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అక్కడికి స్ప్రే.

లానోలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు. ద్రవ లానోలిన్ ఒక పాలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పన్నెండు పాళ్లు. లానోలిన్ సీసాను కాసేపు వేడినీళ్లలో ఉంచితే పలచబడి తొందరగా కలుస్తుంది. మందుల షాపులో దొరికే 70 శాతంది వద్దు, నీళ్లు ఎక్కువుంటే లానోలిన్ సరిగ్గా కలవదు. ఆల్కహాల్ ఆవిరికి మంట అంటుకుంటుంది, గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉన్నవాళ్లు ఈ పని బయటే పెట్టుకోండి. కేసులను ప్లాస్టిక్ టబ్బులో వేసి, నాలుగు పిచికారీలు కొట్టి, కలియతిప్పి, మళ్లీ రెండు కొట్టి వదిలేయాలి. వదిలేయడమే అసలు పని. ఆల్కహాల్ ఆరిపోయి లానోలిన్ పొర ఒక్కటే మిగలాలి, తడి మీద డైలోకి పెడితే ల్యూబ్ ఉండి కూడా లేనట్టే. ఐదు పది నిమిషాలు, చలికాలం అయితే ఇంకాస్త. డిల్లన్ వాళ్లు అమ్మే స్ప్రే కూడా లానోలిన్ రకమే, కలుపుకునే ఓపిక లేనివాళ్లు అది కొనుక్కోవచ్చు.

ఏరోసోల్ డ్రై స్ప్రేల గురించి కూడా ఒక మాట. పిస్టల్ కేసులకు శుభ్రంగా ఉంటాయి, చేతికి జిడ్డు అంటదు. నేను వాడిన ఒక రకం రైఫిల్ కేసులతో నన్ను టెన్షన్ పెట్టింది, పది కేసులు సాఫీగా పోయి పదకొండోది సగంలో కీచుమనేది. దానితోనే ఏళ్లుగా హాయిగా చేసుకుంటున్నవాళ్లూ నాకు తెలుసు. నా మట్టుకు, లివర్ కిందికి దించే ప్రతిసారీ ఇదేమవుతుందో అని బిగుసుకుని కూర్చునే పని నాకొద్దు. ఏ ల్యూబ్ వాడినా సరే, మధ్యలో లివర్ బరువెక్కిందంటే ఆపేయండి, వెనక్కి తీసి మళ్లీ రాయండి. నెట్టేద్దామని చూశారా, మళ్లీ ఆ డ్రిల్లు కథే.

మెడ లోపలి భాగాన్ని చాలామంది మర్చిపోతారు. ఎక్స్‌పాండర్ గుండు (డైలో ఉండి మెడ లోపలి కొలతను సరిచేసేది) మెడలోంచి బయటికొచ్చేటప్పుడు కీచుమంటే లోపల పొడిగా ఉందని అర్థం, అలా గీసుకుంటూ వస్తే మెడ సాగి కొలత పోతుంది. కాటన్ బడ్‌తో చాలా కొంచెం మైనం, లేదంటే గ్రాఫైట్ పొడి. నీళ్లలో స్టీల్ పిన్నులతో కలిపి తిప్పి (తడి టంబ్లింగ్) కేసులను అద్దంలా మెరిపించేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి, మసి కూడా పోయి మెడ లోపల మరీ పొడిబారిపోతుంది.

పని అయ్యాక ల్యూబ్ తీసేయాలి, ఇది ఇష్టమైతే చేసే పని కాదు. పేలినప్పుడు కేసు చాంబర్ గోడను పట్టుకుని బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) మీద పడే భారాన్ని కొంత మోస్తుంది, జిడ్డుగా ఉంటే ఆ పట్టు తగ్గి భారమంతా బోల్ట్ మీదికి పోతుంది. మెడ లోపల మిగిలిన జిడ్డుకు మందు గింజలు అంటుకుంటాయి కూడా. మందు పోయకముందే మొక్కజొన్న బెండు పొట్టులో అరగంట తిప్పితే చాలు, ఫ్లాష్ హోల్‌లో (కేసు అడుగున మంట లోపలికి పోయే రంధ్రం) పొట్టు ముక్క ఇరుక్కుందేమో చూసుకోండి. కొంచెమే ఉంటే ఆల్కహాల్ గుడ్డతో తుడిస్తే సరి.

అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌తో మాత్రం వద్దు. బ్రిటిష్ వాళ్ల హయాంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు ఊరికే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి చేసిన పని అని 1921లో గానీ తేలలేదు. వేడి చేయకుండా నలిపినప్పుడు ఇత్తడిలో ఒత్తిడి మిగులుతుంది, మనం డైలో చేసేదీ అదే.

ఇక 9 ఎంఎం, .45 ఏసీపీ పిస్టల్ తూటాలు చేసుకునేవాళ్లు: కార్బైడ్ డై (స్టీలు కన్నా చాలా గట్టి పదార్థంతో చేసింది) ఉంటే ల్యూబ్ లేకుండానే పోతుంది, కంపెనీలు చెప్పేదీ అదే. కానీ 9 ఎంఎం కేసు కాస్త వాలుగా ఉంటుంది, వరసగా చేస్తుంటే లివర్ లాగి లాగి మన భుజం నొప్పెడుతుంది. అదే లానోలిన్ స్ప్రే పైపైన ఒక్క పిచికారీ కొట్టి చూడండి, లివర్ సగం బరువు తగ్గినట్టుంటుంది. ఆ తర్వాత తుడిచే పని ఒకటి అదనం, నాకైతే అది సమ్మతమే.