గోర్గోనోసెఫాలస్ జాతుల గుర్తింపు: శరీర లక్షణాలా, డీఎన్ఏనా?

ఉత్తర సముద్రాల అడుగు నుంచి వలలో పైకొచ్చిన బాస్కెట్ స్టార్ (చేతులు కొమ్మల్లా చీలే, నక్షత్ర చేపకు బంధువైన సముద్ర జీవి) గోర్గోనోసెఫాలస్ ప్రజాతికి చెందినదని చెప్పడం తేలికే. అది ఆర్క్టికస్ జాతా, యూక్నెమిసా, లమార్కీయా అన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. దాన్ని తేల్చే పద్ధతులు రెండు: శరీర లక్షణాలను చూడడం, డీఎన్ఏను చదవడం.

ఖర్చు: శరీర పరిశీలనకు మైక్రోస్కోపు, ఓపిక చాలు, డీఎన్ఏకు రసాయనాలు, యంత్రాలు, డబ్బు కావాలి.

శ్రమ: మొదటి పద్ధతిలో మధ్య బిళ్ల మీది రేణువులు ఎంత మేర పరచుకున్నాయో, రేడియల్ షీల్డులనే జత పలకల మీద బుడిపెలు ఎలా ఉన్నాయో, చేతుల కొసల్లో కొక్కేల వరుసలు ఎలా అమరాయో ఒక్కొక్కటిగా చూడాలి. రెండోదానికి చేతి కొస ముక్క, అందులోని సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులో సుమారు 650 బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాలు) సరిపోతాయి.

ప్రమాదం: మెత్తని పగడాలను పట్టుకుని పెరిగే పిల్లలకు చేతులు ఇంకా పెద్దగా చీలవు, పెద్దవాటి గుర్తులూ పూర్తిగా ఏర్పడవు కనుక కళ్లు మోసపోతాయి. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి నిలవ ఉన్న నమూనాలో డీఎన్ఏ ముక్కలైపోతుంది. పైగా సీఓఐ సాధారణంగా తల్లి వైపు వంశాన్నే చెబుతుంది. డేటాబేస్‌లో పోల్చే డీఎన్ఏ వరుసకు పేరు పెట్టింది కూడా ఒకప్పుడు శరీరాన్ని చూసినవారే. ఈ సంగతి చాలామంది మరచిపోతారు.

కాబట్టి పాత మ్యూజియం నమూనాలకూ, ఓడ మీద అప్పటికప్పుడు వేరు చేయడానికీ శరీర లక్షణాలే నయం. పిల్లలకూ, తెగిన చేతులకూ డీఎన్ఏ మేలు. కొత్త జాతిని ప్రతిపాదించేవారు మాత్రం రెండూ చేయాలి. ఒక ముక్కను ముందే ఆల్కహాల్‌లో విడిగా దాచుకోవాలి.