ఇంక్యుబేటర్ కొంటున్నారా? వాపసు గడువు 7 రోజులు, పిల్ల బయటికి రావడానికి 21 రోజులు

ఇంటి దగ్గర కోడిగుడ్లు పొదిగించుకుందామని ఆన్‌లైన్‌లో చిన్న ఇంక్యుబేటర్ కొనేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్క లెక్క చూసుకోండి. నేను కొన్న యంత్రానికి వాపసు గడువు 7 రోజులు. గుడ్డు పగిలి పిల్ల రావడానికి 21 రోజులు. మంచి గుడ్లు సమకూర్చుకోవడానికి పట్టే రోజులు అదనం. యంత్రం ఎలాంటిదో తేలేనాటికి అమ్మినవాడి పూచీ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ఈ సందులోనే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

నేను తీసుకున్నది 56 గుడ్లు పట్టే ప్లాస్టిక్ పెట్టె. పూర్తి ఆటోమేటిక్, 98 శాతం పిల్లలు గ్యారంటీ అని ప్రకటన. మీరు ఏ గుడ్లు పెడతారో, వాటిలో పుంజు తొక్కినవి ఎన్నో, అవి ఎన్నాళ్లు నిల్వ ఉన్నాయో యంత్రం చేసినవాడికి ఎలా తెలుస్తుంది? పొదుగుకు కూర్చున్న పెట్ట కూడా ఇవ్వని హామీ అది.

గుడ్లేమో నాకు తెలిసిన ఒక రైతు దగ్గర తెచ్చిన అసిల్ జాతి నాటుకోడి గుడ్లు. అవే కోళ్ల గుడ్లను ఆ రైతు అదే వారం తన పెట్ట కింద వేస్తే చాలామటుకు పిల్లలయ్యాయి. నా పెట్టెలో కథ వేరు. చీకట్లో టార్చి మీద పెట్టి చూస్తే ఏడో రోజుకు బతికున్న గుడ్డులో చిన్న నల్లని చుక్క, దాని చుట్టూ సాలెగూడులా అల్లుకున్న ఎర్రని నరాలు కనిపించాలి. మూలల్లో ఉన్న గుడ్లలో నరాలు లేవు, సన్నని ఎర్రటి వలయం ఒక్కటే ఉంది. పిండం మొదటి రోజుల్లోనే చనిపోయిందని ఆ వలయానికి అర్థం. నడుమ ఉన్నవేమో గడువుకు ముందే పెంకు పొడిచాయి. బయటపడిన కొద్ది పిల్లలకు బొడ్డు సరిగా మూసుకోలేదు, తడి తడిగా ఉంది. వేడి ఎక్కువైతే అలా అవుతుంది. ఒకే పెట్టెలో ఒకచోట చలి, ఒకచోట ఉడుకు.

జ్వరం చూసే థర్మామీటర్ లోపల పెట్టి చూస్తే విషయం బయటపడింది. యంత్రం తెర మీద 37.8 డిగ్రీలు. నడుమ 39 దాటింది, మూలల్లో 36 కూడా లేదు. మూత స్క్రూలు విప్పాను. గుడ్ల ఎత్తులో ఉండవలసిన వేడి కొలిచే సెన్సార్‌ను మూత లోపలే ఫ్యాను పక్కన టేపుతో అంటించారు. ఆ టేపూ సగం ఊడి వేలాడుతోంది. అంటే తెర చెబుతున్నది ఫ్యాను దగ్గరి గాలి సంగతి, గుడ్ల సంగతి కాదు.

ఫోను చేస్తే మొదట వచ్చిన జవాబు ‘మీ గుడ్లలో జీవం లేదండీ’. ఎర్రటి వలయం ఫొటోలు పంపాక ‘కరెంటు పోయి ఉంటుంది’ అన్నారు. సెన్సార్ ఫొటో పంపాక వారంటీ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డుకు మాత్రమేనని, బోర్డు వెలుగుతోంది కాబట్టి యంత్రం బాగున్నట్టేనని తేల్చారు. ఆ తరువాత ఫోను ఎత్తలేదు.

కాబట్టి పెట్టె ఇంటికి వచ్చిన రోజే పరీక్ష మొదలుపెట్టండి. విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. ట్రేలో నీళ్లు నింపిన చిన్న సీసాలు పెట్టి ఒక పగలూ రాత్రీ నడపండి. ఉత్త గాలి త్వరగా వేడెక్కి మోసం చేస్తుంది, నీళ్లు గుడ్ల లాగా నిదానంగా వేడెక్కుతాయి. థర్మామీటర్‌ను నడుమన, నాలుగు మూలల్లో మార్చి మార్చి పెట్టండి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ అత్యధిక అంకె దగ్గర ఆగిపోతుంది కాబట్టి చోటు మార్చినప్పుడల్లా ఆపి మళ్లీ వేయాలి. ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 దగ్గర నిలవాలి. మూలకూ నడుమకూ ఒక డిగ్రీ తేడా ఉన్నా వెనక్కి పంపేయండి. ఫ్యాను లేని పెట్టెలో గుడ్ల పైభాగం దగ్గర 38.3 నుంచి 38.8 వరకు ఉండాలి. రెండు రకాలకూ ఒకే అంకె అచ్చువేసిన కాగితం ఇచ్చారంటే వాళ్లకు పని తెలియదనే లెక్క.

గుడ్లు తిప్పే మోటారును కూడా నమ్మవద్దు. కిరాణా కొట్టులో అమ్మే ఫారం గుడ్లకు పెన్సిల్‌తో గీత పెట్టి ట్రేలో ఉంచండి. ఆ ఫారాల్లో పుంజులుండవు, ఆ గుడ్లు ఎలాగూ పిల్లలు కావు, పరీక్షకు చవక. కొన్ని గంటల తరువాత గీత కదలకపోతే మోటారు శబ్దం చేస్తోందే గాని తిప్పడం లేదు. నా దానిలో ఒక వరుస అసలు కదలలేదు. తేమ చూపే అంకె కూడా అనుమానమే, చవకబారు సెన్సార్ మీద ఆశ పెట్టుకోకుండా విడిగా ఒక తేమ కొలిచే పరికరం కొనుక్కోండి. మొదటి 18 రోజులు 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం కావాలి. ఆ చివరి మూడు రోజులు గుడ్లు తిప్పకూడదు, మూత మాటిమాటికీ తెరవకూడదు.

ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయో లేదో చూడండి. లోపల నీళ్లుండే పెట్టెకు ఎర్తు లేకుండా రెండు పిన్నుల తీగ ఇచ్చేవాళ్లకు పిల్లల సంగతి అలా ఉంచి మనుషుల ప్రాణాలంటే కూడా లెక్క లేదు.

గుడ్ల వ్యాపారంలోనూ ఇదే తంతు. కడక్‌నాథ్ గుడ్లంటూ నల్లటి గుడ్ల ఫొటోలు పెట్టేవాళ్లున్నారు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు ఆ కోడికి మాంసం, చర్మం నలుపు గాని గుడ్డు లేత గోధుమ రంగే. నల్ల గుడ్డు చూపించారంటే మోసమే. కొరియర్‌లో వచ్చిన గుడ్లను వెంటనే యంత్రంలో పెట్టవద్దు. వెడల్పు కొన పైకి ఉంచి ఒక రోజు కదలనివ్వకండి, కుదుపులకు లోపలి గాలి గది చెదిరిపోతుంది. వారం దాటిన గుడ్లు కొనవద్దు.

గడువు మించిపోయినవాళ్లు ఊరుకోనక్కరలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగనక్కరలేదు. నేను బిల్లు, ఆ 98 శాతం ప్రకటన, సెన్సార్ ఫొటో జతచేసి 1915లో నమోదు చేశాను. ప్రకటనను ముందే ఫొటో తీసి పెట్టుకోండి. నా ఫిర్యాదు తరువాత వాళ్లు ఆ అంకెను తీసేశారు, ధర మాత్రం తగ్గించలేదు.

నాకు వచ్చిన పెట్టెలో ట్రే కింద పసుపుపచ్చగా ఎండిపోయిన మరక ఉంది, రెండు పెంకు ముక్కలు కూడా. ఎవరో వెనక్కి పంపినదాన్ని తుడిచి కొత్తదిగా అమ్మారు. పాత గుడ్ల మురికి నుంచి పిల్లలకు జబ్బులు అంటుకుంటాయి కూడా. అందుకే ట్రే ఎత్తి కింద చూడండి, ముక్కు దగ్గర పెట్టుకోండి. మురిగిన గుడ్డు వాసన ఏమాత్రం తగిలినా గుడ్లు పెట్టకుండా ఆ రోజే వాపసుకు రాయండి.